బతికున్న మెదడు కణాలతో నడిచే రోబోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తల ఉండాల్సిన చోట గులాబీ రంగు ముద్ద ఉన్న రోబో బొమ్మ ఒకటి 2024 నుంచి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. "మనిషి మెదడుతో రోబో చేసేశారు" అని దాని కింద రాత. బొమ్మ నిజం కాదు, దాని వెనకున్న పని మాత్రం నిజమే. ఏది ఎంతవరకు నిజమో విడమరచడానికే ఈ ప్రశ్నలు, జవాబులు. అన్నీ వరసగా చదవక్కర్లేదు గానీ ఐదోదాన్ని మాత్రం వదిలెయ్యకండి.

1. అసలు ఇలాంటి రోబోను ఎవరైనా నిజంగా చేశారా?

చేశారు. అందరికీ గుర్తుండిపోయింది 2008 నాటి గార్డన్. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో కెవిన్ వార్విక్, బెన్ వాలీల బృందం ఎలుక మెదడు కణాలతో ఒక చిన్న చక్రాల బండిని నడిపించింది. బండికి అల్ట్రాసోనిక్ సెన్సర్లు ఉంటాయి. గోడ దగ్గరపడగానే ఆ కబురు విద్యుత్ పల్సుగా మారి కణాలకు చేరుతుంది. కణాలు ఇచ్చిన స్పందన బ్లూటూత్ మీదుగా బండికి తిరిగొస్తుంది, బండి పక్కకు మళ్లుతుంది. కొన్నిసార్లు మళ్లదు, నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది. వార్తల్లో ఈ రెండో సంగతి పెద్దగా కనిపించదు.

2. గార్డనే మొదటిదా?

కాదు. 2000లోనే అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో సాండ్రో ముస్సా-ఇవాల్డి బృందం ల్యాంప్రే అనే దవడల్లేని చేప మెదడు కాండాన్ని (మెదడును వెన్నుపాముతో కలిపే భాగాన్ని) తీసి, చల్లటి ఉప్పునీటి ద్రావణంలో బతికించి, దాన్ని రెండు చక్రాల చిన్న రోబోకు కలిపింది. చేప నీటిలో ఒరిగిపోకుండా నిలబెట్టే నాడీమార్గాలవి. వాటికి రోబో కాంతి సెన్సర్ల సమాచారం అందిస్తే, రోబో ఒక అమరికలో వెలుగు వైపు వెళ్లింది, ఇంకో అమరికలో వెలుగుకు దూరంగా పోయింది.

దాదాపు అదే కాలంలో స్టీవ్ పాటర్ మొదట కాల్‌టెక్‌లో, తర్వాత జార్జియా టెక్‌లో ఎలుక కణాలను కంప్యూటర్లోని బొమ్మ జంతువుకూ, ఆపైన నిజమైన రోబోలకూ కలిపాడు. 2004లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో థామస్ డిమార్స్ 25 వేల ఎలుక న్యూరాన్లతో, అంటే నాడీకణాలతో, ఎఫ్-22 యుద్ధ విమానం సిమ్యులేటర్‌ను గాలిలో నిలకడగా ఉంచే ప్రయోగం చేశాడు. "ఎలుక మెదడు విమానం నడిపింది" అన్న శీర్షికలు అప్పుడు పుట్టినవే.

3. ఆ కణాలు రోబో లోపల ఉంటాయా?

ఉండవు. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిలో, ఒక గిన్నె అడుగున పొరలా పరుచుకుని ఉంటాయి. రోబో ఎక్కడైనా ఉండొచ్చు. పాటర్ బృందం ఆస్ట్రేలియాలోని సింబయాటికా కళాకారులతో కలిసి చేసిన ఒక పనిలో కణాలు జార్జియా టెక్ ఉన్న అట్లాంటాలో, బొమ్మలు గీసే యంత్రపు చెయ్యి వేల కిలోమీటర్ల అవతల ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఇంటర్నెట్ మాత్రమే. గీసింది పిల్లల గీతల్లాగే ఉంది, అయినా దాన్ని ప్రదర్శనల్లో పెట్టారు.

4. కణాలకూ కంప్యూటరుకూ మాట ఎలా కలుస్తుంది?

కథంతా ఆ గిన్నె అడుగునే ఉంది, కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం.

మామూలు గాజు పలకలాంటిదే. మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటరు చదరంలో ఎలక్ట్రోడ్లు, అంటే విద్యుత్ సంకేతాలను అందుకునే, పంపే చిన్న చుక్కలు, వరసలుగా అచ్చువేసి ఉంటాయి. బాగా వాడుకలో ఉన్న రకంలో ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది, నాలుగు మూలలు తీసేస్తే 60. ఒక్కో ఎలక్ట్రోడ్ వెడల్పు 30 మైక్రోమీటర్లు, పక్కదానికి దూరం 200 మైక్రోమీటర్లు. కణాలు గాజుకు వాటంతటవి అంటుకోవు. అందుకని ముందు పాలీఇథిలీనిమైన్ లాంటి పాలిమర్ పూత, దాని మీద లామినిన్ అనే ప్రొటీన్ పూత పూస్తారు. గర్భస్థ ఎలుక పిల్ల మెదడు పైపొరను ఎంజైములతో విడివిడి కణాలుగా చేసి, చుక్కగా ఈ గాజు మీద వదులుతారు. ఒక్క రోజు తిరక్కుండానే అవి తీగలు సాచి పక్క కణాలను వెతుక్కుంటాయి. వారానికల్లా ఎవరూ కదిలించకపోయినా విద్యుత్ చప్పుళ్లు మొదలవుతాయి.

న్యూరాన్ లోపల ఒక స్పైక్ అంటే దాదాపు 100 మిల్లీవోల్టుల ఊపు. బయట ఉన్న ఎలక్ట్రోడ్‌కు అందేది మాత్రం కొన్ని పదుల మైక్రోవోల్టులు. గదిలో ట్యూబ్‌లైటు, సెల్‌ఫోన్ ఛార్జరు చేసే గోలకన్నా చిన్న సంకేతం. దాన్ని ఆంప్లిఫయర్‌తో పెంచి, వడకట్టి, "ఈ ఎలక్ట్రోడ్ దగ్గర ఈ క్షణంలో స్పైక్ వచ్చింది" అని సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది. కణాలకు కబురు పంపాలంటే అదే ఎలక్ట్రోడ్ల గుండా చిన్న పల్సు ఇస్తారు. పల్సు ఇచ్చిన మరుక్షణం దాని ప్రతిధ్వనే ఎలక్ట్రోడ్‌ను ముంచేస్తుంది, అసలు జవాబు అందులో కొట్టుకుపోతుంది. ఆ ప్రతిధ్వనిని తీసెయ్యడానికి ఈ రంగంలో ఎంతమంది ఎన్నేళ్లు కష్టపడ్డారో చెప్పలేం. రోబో ఫోటోల్లో ఈ కష్టం కనిపించదు.

5. రోబో గోడను తప్పుకుందంటే కణాలు ఆలోచించినట్టేనా?

నా జవాబు: ఆ ప్రయోగంలో కణాల వాటా ఎంత, ప్రోగ్రాము వాటా ఎంత అన్నది చూడందే చెప్పలేం.

గంగిరెద్దు తలూపుతుంది. ఆ ఊపుకు "సరే" అని అర్థమో "వద్దు" అని అర్థమో చెప్పేది గంగిరెద్దులవాడు. ఇక్కడ ఆ పని సాఫ్ట్‌వేర్‌ది. కణాలు స్పైకులు మాత్రమే విడుదల చేస్తాయి. ఫలానా ఎలక్ట్రోడ్ దగ్గర స్పైక్ వస్తే ఎడమకు తిరగాలి అన్న నియమం మనిషి రాసింది. గార్డన్ విషయంలో మొదట చేసిన పని, ఏ ఎలక్ట్రోడ్‌కు పల్సు ఇస్తే ఏ ఎలక్ట్రోడ్ దగ్గర నమ్మకంగా జవాబు వస్తుందో వెతకడం. అలాంటి జంట దొరికాక మొదటిదానికి గోడ కబురు, రెండోదానికి మలుపు తగిలించారు. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు లేవడంలాంటి ప్రతిచర్య అది. మలుపు తిరగడం వాటికి నేర్పిందేమీ లేదు.

2021లో టోక్యో విశ్వవిద్యాలయంవాళ్లు ఇంకో దారి పట్టారు. ఎలుక కణాల గజిబిజి చప్పుళ్లలోంచి ఒక స్థిరమైన సంకేతాన్ని బయటికి తీసి, దాంతో రోబోను అడ్డంకుల మధ్యనుంచి గమ్యానికి చేర్చారు. దారి తప్పినప్పుడల్లా కణాలకు పల్సుతో కుదుపు ఇచ్చారు. పని బాగుంది. అయితే ఏ ఎలక్ట్రోడ్ మాటకు ఎంత విలువ ఇవ్వాలో సరిచేసుకుంటూ పోయింది కంప్యూటర్లోని లెక్క. కణాలు ఆ లెక్కకు ముడిసరుకు ఇచ్చాయి. దాన్ని తక్కువ చెయ్యడం లేదు. ఆ ముడిసరుకు అంత సంక్లిష్టంగా ఉండబట్టే లెక్క కుదిరింది. కానీ "మెదడు కణాలు దారి కనుక్కున్నాయి" అన్న శీర్షికకూ దీనికీ చాలా దూరం ఉంది.

6. మరి కణాలు నిజంగా నేర్చుకున్న సందర్భమే లేదా?

ఉన్నట్టే కనిపిస్తుంది. 2001లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో గోనెన్ షహాఫ్, షిమోన్ మరోమ్ ఒక తెలివైన ప్రయోగం చేశారు. కణాలకు పల్సులు ఇస్తూ పోయారు. తాము కోరుకున్న ఎలక్ట్రోడ్ దగ్గర జవాబు రాగానే పల్సులు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఆపారు. కొన్ని గిన్నెల్లో జవాబు రావడానికి పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. బహుమానంగా ఇచ్చింది ప్రశాంతత తప్ప ఇంకేమీ లేదు.

అందరి నోళ్లలో నానింది 2022 అక్టోబరులో న్యూరాన్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన డిష్‌బ్రెయిన్. మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్‌లో బ్రెట్ కేగన్ బృందం దాదాపు 8 లక్షల కణాల గిన్నెకు బ్యాటుతో బంతిని తిప్పికొట్టే పాంగ్ అనే పాత వీడియో గేమ్‌ను కలిపింది. కొన్ని గిన్నెల్లో ఎలుక జాతి కణాలు, కొన్నింటిలో మనిషి కణాలు. బంతి ఎక్కడుందో చెప్పడానికి ఎనిమిది ఎలక్ట్రోడ్లు. బంతి పైనుంటే ఒకచోట, కిందుంటే ఇంకోచోట పల్సు. దగ్గరయ్యేకొద్దీ పల్సుల వేగం పెరుగుతుంది. ఇంకో వైపున్న కణాల్లో ఏ గుంపు ఎక్కువ చప్పుడు చేస్తే బ్యాట్ ఆ దిక్కుకు జరుగుతుంది.

బంతి తగిలిందో లేదో కణాలకు ఎలా తెలియాలి? వాటికి మిఠాయి పెట్టలేం, బెత్తంతో కొట్టలేం. తగిలితే ఎప్పుడూ ఒకేలా ఉండే క్లుప్తమైన సంకేతం ఇచ్చారు. తప్పితే నాలుగు సెకన్లపాటు ఎక్కడ, ఎప్పుడు వస్తుందో ఊహించలేని అడ్డదిడ్డమైన పల్సులు. నాడీవ్యవస్థకు ఊహకందని లోకం నచ్చదన్న నాడీశాస్త్రవేత్త కార్ల్ ఫ్రిస్టన్ సిద్ధాంతం దీనికి ఆధారం. అయిదు నిమిషాల ఆటలోనే బంతిని వరసగా తిప్పికొట్టే సంఖ్య పెరిగింది. తప్పొప్పుల సంకేతాలు ఇవ్వని గిన్నెల్లో ఈ మెరుగు కనబడలేదు. నన్ను ఒప్పించింది ఆ రెండో వాక్యమే. ఆటగాళ్లుగా మాత్రం అవి నాసిరకమే, చిన్నపిల్లలు సులువుగా ఓడిస్తారు.

పత్రం శీర్షికలో "గ్రహింపు ఉన్నట్టు ప్రవర్తించే" అన్న అర్థం వచ్చే మాట వాడారు. దాని మీద దుమారం రేగింది. పలువురు న్యూరోసైన్స్ పరిశోధకులు అదే పత్రికలో అభ్యంతరం రాశారు. ఆ అభ్యంతరం సబబేనని నేననుకుంటాను. ప్రయోగం మాత్రం నిలబడుతుంది.

7. మనిషి కణాలంటే ఎవరి మెదడునో కోస్తారా?

కొయ్యరు. 2006లో క్యోటోలో షిన్యా యమనకా ఎలుక చర్మ కణాలను వెనక్కి నడిపించి, ఏ అవయవంగానైనా మారగల మూలకణాలుగా మార్చాడు. 2007లో మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు దాత దగ్గర కాస్త రక్తమో, చిటికెడు చర్మమో తీసుకుంటే చాలు, కొన్ని వారాల్లో న్యూరాన్లు తయారు.

8. ఆర్గనాయిడ్ అన్నమాట వినిపిస్తోంది. అది వేరా?

గిన్నె అడుగున పరుచుకున్న పొర కాకుండా, త్రీడీలో ఉండలా పెరిగిన కణజాలం. 2013లో వియన్నాలో మాడలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిక్ మూలకణాల నుంచి ఇలాంటి మెదడు ఉండలను పెంచి చూపించారు. పిండం మెదడు తొలి దశల్లో కనిపించే పొరలు వాటిలో కొంతవరకు వాటంతటవే ఏర్పడతాయి. పరిమాణం కొన్ని మిల్లీమీటర్లే. రక్తనాళాలు లేవు కాబట్టి అంతకన్నా పెరిగితే నడిమధ్యకు ఆక్సిజన్ అందక కణాలు చచ్చిపోతాయి.

2023 డిసెంబరులో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఫెంగ్ గువో బృందం ఇలాంటి ఉండను ఎలక్ట్రోడ్ల మీద పెట్టి, దానికి బ్రెయినోవేర్ అని పేరు పెట్టింది. ఎనిమిది మంది జపనీయుల గొంతులతో రికార్డు చేసిన 240 అచ్చుల శబ్దాలు వినిపిస్తే, ఎవరి గొంతో దాదాపు 78 శాతం సార్లు సరిగ్గా గుర్తించగలిగారు. ఐదో ప్రశ్న ఇక్కడా అడగాలి. గుర్తించే చివరి లెక్క కంప్యూటర్‌దే. అయితే కణాల మధ్య కొత్త సంబంధాలు ఏర్పడకుండా ఆపే మందు వేస్తే ఆ మెరుగు పోయింది. అంటే ఉండ లోపల కూడా ఏదో మారుతోంది.

9. ఆ గులాబీ తల రోబో సంగతేంటి?

2024లో చైనాలోని తియాంజిన్ విశ్వవిద్యాలయం, సదరన్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ పరిశోధకులు మెటాబాక్ అనే వ్యవస్థను ప్రకటించారు. ఆర్గనాయిడ్‌ను చిప్పుకు కలిపి రోబోకు అడ్డంకులు తప్పించడం, వస్తువులు పట్టుకోవడం నేర్పడం దాని ఉద్దేశం. బొమ్మలోని రోబో మాత్రం భవిష్యత్తులో ఇలా ఉండొచ్చని చూపే నమూనా. అంత పెద్ద మెదడు ముద్దను ఎవరూ పెంచలేదు, రోబో తలలో పెట్టలేదు.

10. బొద్దింక వీపు మీద చిప్పు పెట్టి నడపడం కూడా ఇదేనా?

దాని దారి వేరు. అక్కడ జంతువు మొత్తంగా బతికే ఉంటుంది, దాని మెదడు దానికే ఉంటుంది. మనం దారి మళ్లిస్తాం అంతే. 2025 మార్చిలో మయన్మార్ భూకంపం తర్వాత శిథిలాల్లో వెతకడానికి సింగపూర్ సహాయక బృందం ఇలాంటి బొద్దింకలను తీసుకెళ్లింది. 2020లో వార్తలకెక్కిన జెనోబాట్లు కూడా వేరే. అవి కప్ప పిండకణాలతో చేసిన కదిలే ఉండలు, వాటిలో నాడీకణాల పెత్తనం లేదు.

మధ్యరకం ఒకటుంది, నాకు అన్నిటికంటే అది ఇష్టం. 2021లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంవాళ్లు మిడత చెవిని జాగ్రత్తగా తీసి, బతికించి, రోబోకు కలిపారు. ఒకసారి చప్పట్లు కొడితే ముందుకు, రెండుసార్లు కొడితే వెనక్కి. ఆలోచన కోసం కాకుండా ఇంద్రియం కోసం జీవకణాన్ని వాడటం ఇది. పురుగు మీసం పసిగట్టే వాసనను ఏ సెన్సరూ అంత తేలిగ్గా పట్టలేదు కాబట్టి, పేలుడు పదార్థాలు, గ్యాస్ లీకులు వెతికే రోబోలు ముందుగా ఈ దారిలోనే వస్తాయని నా అంచనా.

11. కణాలు ఎన్నాళ్లు బతుకుతాయి?

మామూలుగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు. పోషక ద్రవాన్ని రెండు మూడు రోజులకోసారి కొంత తీసేసి కొత్తది పొయ్యాలి. ఎక్కువ గిన్నెలను చంపేది వయసు కాదు. మూత తీసినప్పుడల్లా లోపలికి పడే బూజు, బ్యాక్టీరియా. ద్రవంలో నీరు ఆవిరై ఉప్పు చిక్కబడటం. 2001లో పాటర్, డిమార్స్ గిన్నెకు పల్చటి టెఫ్లాన్ పొరను మూతగా బిగించారు. గాలి ఆడుతుంది, నీటి ఆవిరి పోదు, క్రిమి రాదు. ఆ ఒక్క మూతతో కణాలు ఏడాది దాటి బతికాయి. ఈ రంగంలో వచ్చిన గొప్ప ఆవిష్కరణల్లో దీన్ని చేర్చరు, నేనైతే చేరుస్తాను.

12. సిలికాన్ చిప్పులు ఉండగా ఈ తంటా ఎందుకు?

తరచూ చెప్పే కారణం కరెంటు. మనిషి మెదడు 8,600 కోట్ల న్యూరాన్లతో దాదాపు 20 వాట్ల మీద నడుస్తుంది. 2022లో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చిన ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్‌కు దాదాపు 21 మెగావాట్లు కావాలి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ హార్టుంగ్ బృందం ఆర్గనాయిడ్లతో గణన అనే కొత్త రంగానికి పిలుపునిచ్చినప్పుడు ఈ పోలికనే ముందుకు తెచ్చింది.

పోలిక ఆకట్టుకుంటుంది, కానీ లెక్క సగమే. కణాలు తాగే శక్తి తక్కువ. వాటిని బతికించే ఇంక్యుబేటర్, పంపులు, ఆంప్లిఫయర్లు, స్పైకులను చదివే కంప్యూటర్ తాగేది తక్కువేం కాదు. కార్టికల్ ల్యాబ్స్ చెప్పిన ప్రకారమే వాళ్ల కణాల పెట్టెలు 30 పేర్చిన ర్యాక్‌కు 850 నుంచి 1,000 వాట్లు కావాలి. డేటా సెంటర్‌తో పోలిస్తే చిన్నదే, కానీ చేసే పనీ అంతే చిన్నది. కరెంటు ఆదా కోసం ఈ కణాలు వస్తాయని ఇప్పుడే నమ్మక్కర్లేదు.

నేను ఒప్పుకునే కారణం ఇంకోటి. కొద్ది ఉదాహరణలతోనే నేర్చుకోవడం, దెబ్బతిన్నా పని సాగించడం, తన తీగలను తానే మార్చుకోవడం ఈ కణాలకు పుట్టుకతో వచ్చినవి. వాటిని చూసి నేర్చుకోవడానికి గిన్నెకన్నా తేలికైన చోటు లేదు. పుర్రె లోపల ఉన్న మెదడును ఇంత దగ్గరగా, ఇన్ని రోజులు చూడలేం.

13. అయితే అసలు ఉపయోగం ఏమిటి?

మందులు, రోగాలు. రోబో అనేది ఇక్కడ పరీక్ష పరికరం.

మూర్ఛను తీసుకోండి. గిన్నెలో పెరిగిన కణాలకు ఒక అలవాటుంది: ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి చప్పుడు చేసి, ఒకేసారి ఆగిపోతాయి. మూర్ఛ వచ్చినప్పుడు మెదడులో జరిగేదానికి ఇది దగ్గరగా ఉంటుంది. వినడానికి, చూడటానికి ఏమీ లేక అవి ఇలా చేస్తున్నాయని పాటర్ బృందం వాదించింది. 2005లో డానియెల్ వాగెనార్, జెరోమ్ పైన్, పాటర్ చాలా ఎలక్ట్రోడ్ల గుండా చిన్న చిన్న పల్సులు వెదజల్లితే ఆ సామూహిక పేలుళ్లు దాదాపు ఆగిపోయాయి. కణాలకు ఒక ఒళ్లు, ఒక లోకం ఇవ్వడం ఎందుకు ముఖ్యమో ఈ ప్రయోగం చెబుతుంది. ఏ పనీ లేని న్యూరాన్ల మీద మందు పరీక్షిస్తే, పని చేసే మెదడు మీద ఆ మందు ఏం చేస్తుందో తెలియదు. ఒక ఆట గానీ, బండి గానీ అప్పగిస్తే మందు వేశాక ఆట బాగుపడిందా, పాడయిందా అని కొలవొచ్చు. కార్టికల్ ల్యాబ్స్‌వాళ్లు మూర్ఛ మందులతో ఇదే చేశారు. కార్బమజెపీన్ వేసిన గిన్నెల్లో పాంగ్ ఆట మెరుగుపడింది. చప్పుడు తగ్గించడం ఒక ఎత్తు, పని బాగా చేయించడం ఇంకో ఎత్తు అని అలా బయటపడింది.

2016లో బ్రెజిల్‌లో జికా వైరస్ వల్ల చిన్న తలలతో పిల్లలు పుడుతున్నప్పుడు, వైరస్ సరిగ్గా ఏ కణాలను చంపుతోందో చూపించినవాటిలో మెదడు ఆర్గనాయిడ్లున్నాయి. పిండం మీద చెయ్యలేని పరిశోధన అది. ఒక రోగి చర్మ కణాలతోనే న్యూరాన్లు పెంచి, ఆ రోగికి ఏ మందు పనిచేస్తుందో ముందే చూడటం దీని తర్వాతి మెట్టు.

14. దీనితో మన హైదరాబాదుకు ఏమైనా సంబంధముందా?

రోబో వైపు నుంచి కంటే మందుల వైపు నుంచి ఉంది. 2023 మార్చిలో కేంద్రం కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి, మనుషుల మీద వాడకముందు చేసే పరీక్షల్లో జంతువులకు బదులుగా ఆర్గనాయిడ్లు, చిప్పు మీద అవయవాలు (చిప్పు మీద కణాలు పెంచి చేసే అవయవ నమూనాలు) వంటి పద్ధతులకు చోటిచ్చింది. అంతకు ముందు డిసెంబరులోనే అమెరికా అలాంటి చట్టం చేసింది. హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలు మందులు అమ్ముకునే పెద్ద బజారు అమెరికాయే కాబట్టి, ఈ మార్పు మన ల్యాబుల గుమ్మంలోకి వచ్చినట్టే. జీవకణాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ సీసీఎంబీ ఇంక్యుబేషన్ సెంటర్‌లో మానవ కణ నమూనాల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు మూలకణాల నుంచి రెటీనా (కంటి లోపలి తెర) ఆర్గనాయిడ్లు పెంచారు. రెటీనా కూడా నాడీకణజాలమేనని మర్చిపోవద్దు.

15. గిన్నెలోని కణాలకు నొప్పి తెలుస్తుందా? స్పృహ ఉంటుందా?

నొప్పికి నొప్పిని పట్టే గ్రాహకాలు, దాన్ని మోసుకెళ్లే మార్గాలు, దాన్ని నొప్పిగా అనుభవించే మెదడు భాగాలు కావాలి. చదునుగా పరుచుకున్న పైపొర కణాల్లో ఇవేవీ లేవు. డిష్‌బ్రెయిన్‌లో 8 లక్షల కణాలుంటే తేనెటీగ మెదడులో దాదాపు 10 లక్షలున్నాయి. కానీ తేనెటీగ దారి గుర్తుపెట్టుకుంటుంది, తోటివాళ్లకు నాట్యం చేసి చెబుతుంది. తేడా సంఖ్యలో లేదు, అమరికలో ఉంది.

కాబట్టి ఇప్పుడున్న గిన్నెల గురించి నాకు బెంగ లేదు. అమరిక పెరుగుతున్న చోట ఉంది. 2022లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా బృందం మనిషి ఆర్గనాయిడ్లను పసి ఎలుకల మెదడులో నాటింది. అవి అక్కడ రక్తనాళాలతో సహా పెరిగాయి. ఆ మానవ కణాలను కాంతితో ఉత్తేజపరిస్తే ఎలుక నీళ్ల కోసం నాకడం మొదలుపెట్టేలా శిక్షణ ఇవ్వగలిగారు. ఇలాంటిదానికి హద్దు ఎక్కడ గియ్యాలో గిన్నె నియమాలు చూసి చెప్పలేం. హార్టుంగ్ బృందం తమ ప్రణాళికలోనే నీతిశాస్త్ర నిపుణులను మొదటినుంచీ కూర్చోబెట్టాలని రాసుకుంది. అది కాగితం మీదే మిగలకుండా చూడాల్సింది నిధులిచ్చేవాళ్లు.

16. కణాలిచ్చిన మనిషికి దీని మీద హక్కుంటుందా?

ఉండాలి. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ నుంచి అడగకుండా తీసుకున్న క్యాన్సర్ కణాలు హీలా పేరుతో ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. ఆమె కుటుంబానికి ఒక కంపెనీతో రాజీ కుదరడానికి 2023 దాకా పట్టింది. "వైద్య పరిశోధనకు ఇస్తున్నాను" అని సంతకం చేసిన దాత, తన కణాలు గేమ్ ఆడతాయనీ అద్దెకు వెళ్తాయనీ ఊహించి ఉండరు. సమ్మతి పత్రంలో ఆ మాట విడిగా రాసి అడగాలి.

17. సైన్యం వాడుకోదా?

ఆసక్తి ఉంది. 2023లో ఆస్ట్రేలియా జాతీయ భద్రతా విభాగాలు మోనాష్ విశ్వవిద్యాలయం, కార్టికల్ ల్యాబ్స్ పనికి దాదాపు 6 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చాయి. ఎప్పటికప్పుడు కొత్తవి నేర్చుకుంటూ పాతవి మర్చిపోని యంత్రాలు దాని లక్ష్యం. ఇక యుద్ధభూమిలో మెదడు కణాల రోబో అంటారా, రెండు డిగ్రీలు వేడెక్కితే కుప్పకూలే సిపాయిని ఏ సైన్యమూ తీసుకోదు.

18. మనిషి మెదడు మొత్తాన్ని రోబోలోకి మార్చొచ్చా?

లేదు. ఈ పరిశోధన ఆ దిక్కుకు వెళ్లడం కూడా లేదు.

19. ఇవి కొనడానికి దొరుకుతాయా?

దొరుకుతాయి. 2025 మార్చిలో కార్టికల్ ల్యాబ్స్ సీఎల్1 అనే పెట్టెను విడుదల చేసింది. మనిషి న్యూరాన్లు, ఎలక్ట్రోడ్లు, వాటిని బతికించే పంపులు, గ్యాసులు అన్నీ లోపలే. అప్పటి ధర దాదాపు 35 వేల డాలర్లు. కణాలు ఆరు నెలల దాకా బతుకుతాయని కంపెనీ మాట. ఆరు నెలల తర్వాత కొత్త కణాలు వెయ్యాలి. ఇంత ఖరీదైన కంప్యూటర్‌కు ఇంత తక్కువ ఆయుష్షు ఇంకెక్కడా చూడం. స్విట్జర్లాండ్‌లోని ఫైనల్‌స్పార్క్ పెట్టె అమ్మదు. తన ల్యాబులోని ఆర్గనాయిడ్లను ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే వాడుకోనిస్తుంది.

20. నేను బీటెక్ విద్యార్థిని. ఇందులోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

రోబోటిక్స్ క్లబ్బుతో మొదలుపెట్టకండి, అది చివరి మెట్టు. ఈ రంగానికి ఎప్పుడూ కొరతగా ఉండేది సంకేతాలను శుభ్రం చేసేవాళ్లు. కాబట్టి సిగ్నల్ ప్రాసెసింగ్, గణాంకాలు, పైథాన్. సీఎల్1నూ ఫైనల్‌స్పార్క్‌నూ పైథాన్‌తోనే నడపొచ్చు. ఎలక్ట్రోడ్ గిన్నెల నుంచి రికార్డు చేసిన డేటాను చాలా ల్యాబులు ఉచితంగానే పెట్టాయి. 2006లో వాగెనార్, పైన్, పాటర్ ప్రచురించిన డేటా ఇప్పటికీ మొదటి పాఠంగా పనికొస్తుంది. అందులో ఒక గిన్నెను తీసుకుని మొదటి వారం నుంచి ఐదో వారం దాకా ఆ సామూహిక పేలుళ్లు ఎలా మారాయో గ్రాఫ్ గియ్యండి. బయాలజీవాళ్లయితే ముందు చేతికి రావాల్సింది కణాల పెంపకం. గ్లవ్సు వేసుకున్న చేతితో మూత తీసి, ద్రవం మార్చి, బూజు పట్టకుండా మూత పెట్టడం వీడియోలు చూస్తే రాదు. ఎండాకాలం సెలవుల్లో ఏ ల్యాబులోనైనా ఇంటర్న్‌షిప్ దొరికితే, జీతం అడక్కుండా ముందు ఆ పని అడగండి.